నానమ్మ వెతికిన ఊరు

ఎలీనా స్కూల్ బస్సు దిగి మెట్లెక్కుతుండగానే పైనుంచి కేక వినిపించింది.

"వచ్చినవానే? జల్ది రా. నేనెప్పుడో రెడీ అయిన!"

అది నానమ్మ గొంతు. తలుపు తీసి చూస్తే నానమ్మ హాల్లో టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన వాకర్, కాళ్ల కింద చిన్న పీట. కళ్లజోడు శుభ్రంగా తుడిచి పెట్టుకుంది.

"షూస్ అయినా విప్పనీ నానమ్మా!"

"విప్పు, విప్పు. చేతులు సుత కడుక్కో. కానీ జెర తొందరగా."

వంటింట్లోంచి మమ్మీ నవ్వు వినిపించింది. "మన ఇంట్లో చిన్నపిల్ల ఎవరో నాకు అర్థం కావట్లేదు!"

రెండు నెలల క్రితమైతే ఈ ఇంట్లో ఇలాంటి కేకలు లేవు. నానమ్మ రోసమ్మకు అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. "రోజూ నడవాలి. నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది," అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కానీ నానమ్మ నడవలేదు. నొప్పి అనేది, రేపు అనేది, గోడవైపు తిరిగి పడుకునేది. డాడీ బతిమాలినా, మమ్మీ కోప్పడినా మంచం దిగేది కాదు.

ఒకరోజు ఎలీనా హాల్లో గేమ్ ఆడుకుంటోంది. డాడీ పాత ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి ఇచ్చాడు. గేమ్ పేరు స్కై బోట్. ఒక చిన్న నౌకలో కూర్చుని చుక్కల మధ్య తిరగడమే ఆట. తుపాకులు లేవు, పాయింట్లు లేవు, లెవెల్స్ లేవు. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. నచ్చిన గ్రహం మీద దిగొచ్చు, నచ్చిన రాయిని ఎత్తి చూడొచ్చు.

నౌక ఇంజన్ గుయ్యిమంది. గదిలోంచి నానమ్మ అడిగింది.

"ఏందే ఆ సప్పుడు?"

"నౌక నానమ్మా. గ్రహం మీద దిగుతున్నా."

"ఏ గ్రహం?"

"ఏమో. పేరు లేదు."

మంచం కిర్రుమంది. తర్వాత టక్కు, టక్కుమని వాకర్ చప్పుడు. ఎవరూ పిలవకుండానే నానమ్మ మంచం దిగి, మెల్లమెల్లగా హాల్లోకి వచ్చేసింది. వంటింటి గుమ్మంలో మమ్మీ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే ఆడుతున్నారు. ఎలీనా నౌక నడుపుతుంది. ఎటు పోవాలో నానమ్మ చెబుతుంది.

"ఇక చెప్పు నానమ్మా, ఇవాళ ఎటు పోదాం?" ఎలీనా చేతులు తుడుచుకుంటూ కూర్చుంది.

"ముందుగాల ఆ మొక్కకు నీళ్లు పొయ్యి."

నౌక కిటికీ దగ్గర ఒక చిన్న కుండీ ఉంటుంది. అందులో పచ్చటి నాచు. ఒక బటన్ నొక్కితే దానిమీద నాలుగు చుక్కల నీళ్లు పడతాయి. అంతే, ఇంకేం జరగదు.

"దాంతో ఏం లాభం లేదు నానమ్మా. రోజూ టైమ్ వేస్టు."

"లాభం లేకపోతే మాయె. ఎండిపోతది పాపం. పొయ్యి."

ఎలీనా బటన్ నొక్కింది. నానమ్మ తృప్తిగా తలూపింది.

ఈ ఆటలో నానమ్మను పట్టేసింది ఒకే ఒక ప్రశ్న. ప్రతి గ్రహం మీదా ఊళ్లున్నాయి, ఇళ్లున్నాయి, ఇళ్లలో మనుషులు మాత్రం లేరు. పైగా మొదటి గ్రహం మీద ఇళ్ల తలుపులు మనంత ఎత్తు ఉంటాయి. రెండో గ్రహం మీద నడుము దాకా వస్తాయి. ఆ తర్వాత మోకాలి దాకా. నిన్న దిగిన గ్రహం మీదైతే ఇళ్లు అగ్గిపెట్టెలంత ఉన్నాయి. వాటిని చూడ్డానికి అక్కడే ఒక భూతద్దం దొరికింది.

"వాళ్లు ఏడికి పోయిండ్రే?" నానమ్మ ప్రతిరోజూ అడుగుతుంది.

"ఎవరో వచ్చి తరిమేసి ఉంటారు."

"కాదు. పారిపోయేటోళ్లు దుప్పట్లు మడతపెట్టి పోతరా? చూడు, కప్పులు సుత కడిగి బోర్లిచ్చిండ్రు. ఇంటికి తాళం ఏసి ఊరికి పోయినట్టు పోయిండ్రు వాళ్లు."

ఎలీనా ఆ దుప్పట్లను పట్టించుకోనేలేదు. నానమ్మ మాత్రం అన్నీ చూస్తుంది. బావులు ఎండిపోయిన సంగతి చూసింది. గోడల మీద పిల్లలు గీసిన బొమ్మలు చూసింది. రాత్రి అన్నం తినేటప్పుడు వాటి గురించే మాట్లాడుతుంది. తిరుమలగిరిలో ఉండే ఆమె స్నేహితురాలు విమలమ్మ ఫోన్ చేస్తే, మోకాలి సంగతి వదిలేసి ఆ ఊళ్ల సంగతే చెబుతుంది.

"విమలమ్మేమో వాళ్లు చచ్చిపోయిండ్రంటది. నేనొప్పుకోలే. చచ్చిపోతే బొందలుండాలె గదా? ఒక్కటన్న కనబడ్డదా మనకు?"

"లేదు."

"మరి?" అని నానమ్మ కళ్లు పెద్దవి చేసేది. అప్పుడు ఆమె ముఖం ఎలీనా క్లాసులోని పిల్లల ముఖంలా ఉండేది.

ఈ ఆట వచ్చాక నానమ్మ మంచం నుంచి హాలుకు, హాలు నుంచి బాల్కనీకి నడుస్తోంది. బాల్కనీలోంచి ఆకాశం చూసి, "మన బండి ఆడ ఎక్కడన్న తిరుగుతుందా?" అని నవ్వుతుంది. పోయిన వారం డాక్టర్ మోకాలు వంచి చూసి, "శభాష్, ఏం చేశారమ్మా?" అన్నాడు. "అంతరిక్షంల తిరుగుతున్న," అంది నానమ్మ. డాక్టర్‌కు ఏమీ అర్థం కాలేదు.

ఎలీనాకు మాత్రం ఈమధ్య కొంచెం విసుగ్గా ఉంది. నానమ్మ చూసిన ఊరికే మళ్లీ పోదామంటుంది. ఒక్కో ఇంటి ముందూ ఆగమంటుంది. ఆట ఎప్పటికీ అయ్యేలా లేదు.

శనివారం ఎలీనా సైన్స్ ప్రాజెక్టు చార్టు చేయడానికి నవత ఇంటికి వెళ్లింది. నవత వాళ్లుండేది పక్క వీధిలోనే. చార్టు మీద రంగులు ఆరుతుండగా నవత అడిగింది.

"స్కై బోట్ అయిపోయిందా మీది?"

"లేదే. ఆ ఊళ్లోవాళ్లు ఎక్కడున్నారో తెలియట్లేదు."

"ఇంకా తెలియదా? మా అన్న వీడియో చూసి చెప్పేశాడు. లాస్ట్‌లో భలే ఉంటుంది. చూస్తావా?"

ఎలీనాకు నానమ్మ గుర్తొచ్చింది. 'నేను చూస్తే ఏమవుతుంది? నానమ్మకు చెప్పను కదా,' అనుకుంది.

"సరే, పెట్టు."

వీడియో చిన్నదే. అందులో ఎవరో నౌకలో కూర్చుని, భూతద్దం తీసి, కిటికీ దగ్గరున్న కుండీ మీద పెట్టారు. నాచు మధ్యలో సన్నటి దీపాలు వెలిగాయి. చిన్న చిన్న ఇళ్లు. ఇళ్ల ముందు ఇసుక రేణువులంత మనుషులు, చేతులూపుతూ!

ఎలీనా నోరు తెరుచుకుని చూసింది.

ఆ మనుషులు ఎక్కడికీ పోలేదు. గ్రహాల మీద నీళ్లు తగ్గిపోతుంటే, ఉన్న నీళ్లు అందరికీ సరిపోవాలని, తరం తరానికీ తమను తాము చిన్నగా చేసుకున్నారు. చివరికి ఆ కుండీలోకి చేరారు. ఆట మొదటి రోజు నుంచీ వాళ్లు నౌకలోనే ఉన్నారు. పోసిన నాలుగు చుక్కలే వాళ్లకు వాన.

"బాగుంది కదా?" అంది నవత.

"చాలా బాగుంది," అంది ఎలీనా. కానీ ఇంటికి నడుస్తుంటే, దాచిపెట్టుకున్న మిఠాయి ముందే తినేసినట్టుగా ఉంది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, నానమ్మ తనంతట తానే వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈసారి వాకర్ లేదు, చేతికర్ర మాత్రమే ఉంది. తెల్ల చీర కూడా మార్చుకోలేదు.

"ఇయ్యాల మొదటి ఊరికి పోదాం బిడ్డా," అంది.

"మళ్లీ అక్కడికా? అన్నీ చూశాం కదా."

"బావులు ఇంకోసారి చూడాలె. ప్రార్థన నడుస్తుంటే నాకొకటి తట్టింది. తప్పే గాని, ఏం చేస్త, తట్టింది."

"అక్కడేం లేదు నానమ్మా."

"నీకెట్ల తెలుసు? పోయి చూద్దాం."

ఎలీనా నౌకను అటు తిప్పింది. దారి చాలా దూరం. తను వెళ్లేది ఉత్త ఎండిన బావులు చూడ్డానికి. అసలు సంగతేమో తన ముక్కు ముందే, కిటికీ దగ్గరే ఉంది. గ్రహం మీద దిగాక నానమ్మ ఒక్కో బావి దగ్గరా ఆపించింది.

"ఇది పెద్దగుంది. రెండో ఊర్ల చిన్నగ ఉండె, కాదా? ఇంకొకటి చూపియ్. కొంచెం కిందికి. అగో, ఆ గోడ మీద ఏముంది? జెర దగ్గరికి పో."

"నానమ్మా, దానివల్ల ఏం కాదు!"

"ఆగే. నన్ను ఆలోచించనీయ్. బావి, తలుపు..."

"నువ్వు ఇక్కడ ఎంతసేపు వెతికినా దొరకరు. వాళ్లు ఈ కుండీలోనే ఉన్నారు! భూతద్దం పెట్టి చూస్తే కనిపిస్తారు!"

మాట నోట్లోంచి వచ్చేసింది.

టీవీలో ఎండిన బావి మీదుగా గాలి వీచింది. నానమ్మ ఎలీనా వైపు తిరిగింది. చేయి ఇంకా టీవీ వైపే చాచి ఉంది. నెమ్మదిగా ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"ఎక్కడ చూసినవ్?"

"నవత వాళ్లింట్లో. వీడియోలో."

"ఔనా," అంది నానమ్మ. కళ్లజోడు సరిచేసుకుని, "అయితే చూపియ్ మరి," అంది.

ఎలీనా నౌకలోకి వెళ్లి భూతద్దం తీసింది. కుండీ మీద పెట్టింది. దీపాలు వెలిగాయి. చిన్న చిన్న మనుషులు చేతులూపారు. సన్నటి సంగీతం వచ్చింది. వీడియోలో కన్నా ఇక్కడే అందంగా ఉంది. ఎలీనా ఆశగా నానమ్మ ముఖంలోకి చూసింది.

నానమ్మ నవ్వింది. వేరేవాళ్ల పెళ్లి ఫోటోలు చూపిస్తే మర్యాదకు నవ్వినట్టు నవ్వింది.

"బాగుంది. మంచిగ చేసిండ్రు," అంది. "ఇగ ఆపెయ్ తల్లీ. కండ్లు గుంజుతున్నయ్."

చేతికర్ర పట్టుకుని లేచి గదిలోకి వెళ్లిపోయింది. టీవీలో చిన్న మనుషులు ఇంకా చేతులూపుతూనే ఉన్నారు. ఎలీనా గబగబా ఆపేసింది.

సోమవారం స్కూల్ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కేక వినిపించలేదు. హాల్లో కుర్చీ ఖాళీగా ఉంది. నానమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నానమ్మా, గేమ్ పెట్టనా?"

"ఇయ్యాల వద్దు బిడ్డా. కాలు గుంజుతుంది."

మంగళవారమూ వద్దంది. ఆ తర్వాత ఎలీనాకే అడగడానికి భయం వేసింది. మమ్మీ నానమ్మ గదిలోకి పోయి, "అత్తయ్యా, బాల్కనీ దాకా రండి, ఒక్కసారి," అని బతిమాలుతుంటే, హాల్లో హోంవర్క్ చేస్తున్న ఎలీనాకు అక్షరాలు కనిపించేవి కావు. విమలమ్మ ఫోన్ చేసినప్పుడు నానమ్మ మళ్లీ మోకాలి గురించే మాట్లాడింది.

"ఆ ఆటనా? అయిపోయింది విమలా. ఆ, దొరికిండ్రు. మా ఎలీనా కనిపెట్టింది."

'నేనేం కనిపెట్టలేదు,' అనుకుంది ఎలీనా. చెవులు వేడెక్కాయి.

ఆమెకు ఒక ఉపాయం తోచింది. ఆటను మొదటినుంచి కొత్తగా షురూ చేసింది. నానమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"మనకేం తెలియదన్నమాట, సరేనా? ఎటు పోదాం?"

"నీ ఇష్టం బిడ్డా."

"అలా కాదు. నువ్వే చెప్పాలి."

"సరే, ఆ ఎర్రదాని మీదికి పోదాం."

ఎర్ర గ్రహం మీద దిగారు. ఎలీనా ఒక ఇంటి ముందు ఆపి, గొంతులో లేని ఆశ్చర్యం తెచ్చుకుని, "అరే, ఇళ్లలో ఎవరూ లేరు! ఎక్కడికి పోయి ఉంటారు నానమ్మా?" అంది.

నానమ్మ ఆమె తల నిమిరింది. "నాకోసం ఎంత తక్లీఫ్ పడుతున్నవే! వద్దు లే. తెలిసినంక ఏం వెతుకుత?"

ఆ సాయంత్రం డాడీ ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతున్నాడు. ఎలీనా వచ్చి పక్కన కూర్చుంది.

"డాడీ, తెలిసిపోయిన సంగతి మళ్లీ తెలియకుండా పోవాలంటే ఏం చేయాలి?"

"మర్చిపోవాలి. నాకైతే ఏ కష్టం లేకుండానే అవుతుంది. నిన్న మమ్మీ తెమ్మన్న కొత్తిమీర..." డాడీ నవ్వబోయి, ఎలీనా ముఖం చూసి ఆగాడు. "ఏమైందిరా?"

ఎలీనా జరిగిందంతా చెప్పింది. వీడియో సంగతి, బావుల సంగతి, కుండీ సంగతి. డాడీ కప్పు కింద పెట్టాడు.  ఆయన ఏదో దారి చెబుతాడని ఎలీనా ఎదురుచూసింది.

"దాన్ని నేనైతే బాగు చేయలేను," అన్నాడు చివరికి. "నీకింత బాధగా ఉందని నానమ్మకు తెలుసా?"

"తెలియదు."

"అదొక్కటైనా చెప్పు మరి."

నానమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కిటికీలోంచి పట్టాలు కనిపిస్తాయి. మెట్టుగూడలో వాళ్లింటి పక్కనుంచి రైళ్లు పోతూనే ఉంటాయి. అప్పుడే ఒక గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఎలీనా గుమ్మంలోనే నిలబడింది.

"నానమ్మా, సారీ."

"దేనికే?"

"నీకు ఆ సంగతి చెప్పేసినందుకు. చెప్పొద్దనే అనుకున్నా. కానీ నువ్వు ఆ బావుల దగ్గరే తిరుగుతుంటే నాకు విసుగొచ్చింది. నాకు తెలుసు అని గొప్ప కూడా అనిపించింది. అందుకే చెప్పేశా."

నానమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. ఎలీనా మంచం అంచున కూర్చుంది.

"నేను నీ మీద కోపంగ లేను బిడ్డా."

"మరి ఎందుకు బయటికి రావట్లేదు?"

నానమ్మ చీర కొంగు వేళ్లకు చుట్టుకుంది.

"ఒక మాట చెప్త, ఏడ్వద్దు. ఆ ఆదివారం నాకొకటి తట్టిందన్న గదా? బావులు చిన్నగయితున్నయ్, తలుపులు చిన్నగయితున్నయ్. అంటే నీళ్లు తక్కువైతుంటే మనుషులే చిన్నగయిండ్రేమో అనుకున్న. మరి ఆఖరికి ఎంత చిన్నగయిండ్రు? కొంచెం నీళ్లు ఏడ దొరుకుతయ్ వాళ్లకు? గది ఆలోచిస్తున్న. నాకు ఆ కుండీ మీద జెర అనుమానం సుత వచ్చింది. ఆ బావుల్ని ఒక్కసారి చూసి, 'కుండీల చూడవే' అని నీకు చెప్దామనుకున్న."

ఎలీనా ఊపిరి బిగబట్టింది.

"నువ్వు ఎగిరి గంతేస్తవనుకున్న," అంది నానమ్మ మెల్లగా. "నానమ్మ పట్టేసిందని మీ డాడీకి, అందరికీ చెప్తవనుకున్న. స్కూల్ల చదువుకునే రోజుల్ల సుత నాకు ఎన్నడు ఫస్టు రాలే. గందుకే జెర ఆశ పడ్డ."

ఎలీనాకు ఏడుపు ఆగలేదు. నానమ్మ ఆమె తలను తన భుజం మీదికి లాక్కుంది.

"ఏడ్వద్దన్న గదా."

"ఇంకొక్క బావి చూపిస్తే..." ఎలీనా వెక్కుతూ అంది. "ఒక్క బావి చూపిస్తే నువ్వే చెప్పేదానివి."

"చెప్తుంటి. ఏం చేస్తం, అయిపోయింది." నానమ్మ ఎలీనా వీపు నిమిరింది. కానీ 'ఫరవాలేదు' అని మాత్రం అనలేదు.

ఆ మర్నాటి నుంచి ఎలీనా స్కూల్ నుంచి రాగానే నానమ్మ చేయి పట్టుకుని బాల్కనీ దాకా నడిపిస్తోంది. నానమ్మ వద్దనకుండా వస్తుంది. ఎలీనా బాధపడుతుందనే వస్తోందని ఇద్దరికీ తెలుసు. ఇదివరకటి తొందర ఆ నడకలో లేదు. రెండుసార్లు తిరిగి, "చాలు బిడ్డా," అంటుంది. నవత ఇంట్లో చూసిన వీడియో గుర్తొచ్చినప్పుడల్లా ఎలీనా నడుస్తూ నడుస్తూ తల దించుకుంటుంది.

దసరా సెలవులకు బోయిగూడ నుంచి మేనత్త కూతురు ఫెయిత్ వచ్చింది. దానికి ఎనిమిదేళ్లు. బ్యాగు ఒక మూల పడేసి, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, ల్యాప్‌టాప్ తెరిచి, తెర మీది నౌక బొమ్మ చూసి ఆగింది.

"అక్కా, ఇదేం గేమ్?"

ఎలీనా కాస్త తటపటాయించింది. "స్కై బోట్. ఆడతావా?"

"ఏం చేయాలి ఇందులో?"

చెప్పడానికి చాలా ఉంది. ఎలీనా నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"ఎటైనా పోవచ్చు. నీకు ఎటు పోవాలనుంటే అటు పో."

ఫెయిత్ నౌకను తిన్నగా ఒక కొండకు గుద్దింది. కిలకిలా నవ్వింది. మళ్లీ ఎగిరింది. ఎవరూ దిగని ఇసుక గుట్టల మీద చాలాసేపు ఊరికే దొర్లింది. అక్కడేమీ లేదని ఎలీనాకు తెలుసు. 'ఎడమవైపు తిప్పు' అనే మాట గొంతు దాకా వచ్చింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఇంజన్ గుయ్యిమంది. లోపలి గదిలో మంచం కిర్రుమన్న చప్పుడైంది. కాసేపటికి నానమ్మ చేతికర్రతో గుమ్మంలో నిలబడింది.

"అమ్మమ్మా, రా! నేను ఒక ఊరు కనిపెట్టిన!" ఫెయిత్ అరిచింది. "కానీ ఎవరూ లేరు. అందరూ ఎక్కడికి పోయారు?"

నానమ్మ ఎలీనా వైపు చూసింది. ఎలీనా నానమ్మ వైపు చూసింది.

"నాకేం తెల్వదు బిడ్డా," అంది నానమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంటూ. "నువ్వే చూసి చెప్పు నాకు."

ఆ మాట వినగానే ఎలీనాకు కళ్లు మండాయి. నానమ్మకు అంతా తెలుసు. అయినా తెలియదంటోంది, ఫెయిత్ కోసం. ఆ రోజు నానమ్మ కోసం తను ఆ ఒక్క అబద్ధం చెప్పలేకపోయింది.

"అక్కకు తెలుసు. చెప్పట్లేదు," అంది ఫెయిత్ మూతి ముడుచుకుని. "చెప్పక్కా, ఒక్కటి చెప్పు. దెయ్యాలు తినేశాయా?"

"నీకెందుకలా అనిపించింది?"

ఫెయిత్ చెప్పడం మొదలుపెట్టింది. దెయ్యాలు, వాటి పెద్ద పళ్లు, అవి నిద్రపోయే గుహ. ఒక్క ముక్క కూడా సరైనది కాదు. ఎలీనా మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నది. నానమ్మ కూడా ముందుకు వంగి వింటోంది. "గుహ ఎట్లుంటది? చీకటిగనా?" అని అడుగుతోంది.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. నవత వచ్చింది. లోపలికి అడుగు పెడుతూనే టీవీ చూసింది.

"ఓ, స్కై బోట్! ఫెయిత్, నీకు తెలుసా, దీంట్లో లాస్ట్‌లో..."

ఎలీనా ఒక్క ఉదుటున లేచింది. నవత చేయి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్లింది.

"అబ్బా! చేయి నొప్పి! ఏమైందే నీకు?"

"దానికి చెప్పొద్దు. నీకు దండం పెడతా."

"అది పాపం వెతికి వెతికి పరేషాన్ అవుతుంది కదా," అంది నవత చేయి రుద్దుకుంటూ. "ఒక్క నిమిషంలో చెప్పేస్తే అయిపోతుంది."

"అయిపోతుంది," అంది ఎలీనా. "అందుకే."

నవత అయోమయంగా చూసింది. లోపల ఫెయిత్ ఏదో అడుగుతోంది. నానమ్మ, "ఏమో మరి, ఇంకా దగ్గరికి పోయి చూడు," అంటోంది.

ఎలీనా బాల్కనీ తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది.